రైతునకు చిన్న డిజిటల్ కెమెరా: తొలిపాఠము

పొలమును చూడని వానికి పొలమును చూపవలసిన యవసరము రైతునకు నేడు తఱచుగా కలుగుచున్నది. తెగులు పుట్టినపుడు వ్యవసాయాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రమునందలి శాస్త్రజ్ఞులకో తెలుపవలెను. వడగండ్లు పడినపుడు బీమా కంపెనీవారికి విన్నవింపవలెను. గట్టు తగవు వచ్చినపుడు గట్టు ఎట్లుండెనో పెద్దమనుష్యులకు గాని న్యాయస్థానమునకు గాని చూపవలెను. "వరి యాకు ఎఱ్ఱబడినది" అని నోటిమాటగా చెప్పినచో వినువానికి జింకు లోపము తోచవచ్చును, టుంగ్రో తెగులు తోచవచ్చును, మురుగు తీయక వేరు చెడుట తోచవచ్చును. ఒకదానికి చేయు చికిత్స మఱియొకదానికి పనిచేయదు. తప్పు మందు కొట్టిన రైతునకు మందు ఖరీదును, కూలియు, వారము దినముల కాలమును పోవును. స్పష్టమైన ఫొటో యొకటి చేతనున్నచో ఈ నష్టములో చాలభాగము తప్పును.

సంఘ కార్యాలయములో సభ్యులకు ఎరవిచ్చుటకై ఉంచిన చిన్న డిజిటల్ కెమెరాను తీసికొనిపోవువారు పెక్కురు కలరు. వారు తెచ్చి చూపు ఫొటోలలో సగమైనను మసకగా నుండుటయో, ఆకు చెదరి వెనుకనున్న చెట్టు తేటగా నుండుటయో, తేదీ తప్పుగా నుండుటయో మేము చూచుచున్నాము. ఇందు యంత్రముయొక్క దోషము స్వల్పము. కొలదిపాటి సంగతులు తెలిసికొన్నచో ఏ సభ్యుడైనను పనికివచ్చు ఫొటో తీయగలడు.

చేతిలో సెల్‌ఫోను ఉండగా వేరుగా కెమెరా యేల యని కొందఱు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మంచి ఫోను ఉన్నవారు దానినే వాడుకొనవచ్చును. ఇచట చెప్పబోవు సంగతులలో పెక్కులు దానికిని వర్తించును. ఫోనునకు రెండు ప్రత్యేక గుణములు గలవు: తీసిన తావు ఎక్కడిదో తానే గుర్తింపగలదు, తీసిన వెంటనే పంపగలదు. చిన్న కెమెరాలలో పెక్కింటికి ఈ రెండును లేవు. అయినను చిన్న కెమెరాకు తన గుణములు తనకు గలవు. దానిని పదిమంది సభ్యులు వంతులవారీగా వాడుకొనవచ్చును. తన ఫోనును పరులచేతికి ఇచ్చుట యెవరికిని ఇష్టముండదు. దాని కటకము ముందునకు సాగి దూరమునందలి వస్తువును నిజముగా దగ్గరకు తెచ్చును. బ్యాటరీ అయిపోయినచో మఱియొకటి వేసికొనవచ్చును. బురదచేతులతో పట్టుటకును, చేతి తొడుగులతో నొక్కుటకును మీటలు గల యంత్రమే అనుకూలము.

దీని లోపల ఫిల్ము ఉండదు. ఫిల్ముండవలసిన చోట చిటికెనవ్రేలి గోటికంటె చిన్నదైన సిలికాన్ పలక యొకటి యుండును. దానిపై పడిన వెలుగు విద్యుత్తుగా మాఱును. ఆ విద్యుత్తును యంత్రము అంకెలుగా లెక్కించి కార్డులో వ్రాసికొనును. ఇట్టి పలకలలో మొదట ప్రసిద్ధికెక్కినదానిని అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను వారిరువురు 1969లో కల్పించిరి. అందులకు వారికి 2009లో నోబెల్ బహుమానము లభించినది. 1975లో కోడక్ కంపెనీయందు పనిచేయుచుండిన స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు కట్టిన డిజిటల్ కెమెరా సుమారు మూడున్నర కిలోల బరువు తూగెను. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపుపై వ్రాసికొనుటకు దానికి 23 సెకండ్లు పట్టెను. ఆ బొమ్మలో 10,000 చుక్కలుండెను. నేడు 12 మెగాపిక్సెల్ అని చెప్పు కెమెరాలో 1 కోటి 20 లక్షల చుక్కలుండును. ఈ చుక్కలపై ఎఱుపు, పచ్చ, నీలము రంగుల జల్లెడ యుండును. అందు సగము చుక్కలు పచ్చరంగునకే కేటాయింపబడినవి. మనుష్యుని కన్ను పచ్చదనమునందే సూక్ష్మ భేదములను బాగుగా కనిపెట్టును గాన అట్లు చేసిరి. ఈ యేర్పాటు రైతునకై చేసినది కాకపోయినను రైతునకు మేలైనదే.

చుక్కల సంఖ్యనుబట్టి కెమెరా మంచిచెడ్డలు నిర్ణయించుట తగదు. ఆకు మచ్చ చూపుటకు 8 మెగాపిక్సెల్ అయినను చాలును. కటకము శుభ్రముగా నుండుట, చేయి కదలకుండుట అంతకంటె ముఖ్యములు.

కెమెరా చేతికి రాగానే మూడు పనులు చేయవలెను. మొదట బ్యాటరీని నిండుగా ఛార్జి చేయవలెను. పెన్సిలు సెల్లులతో నడుచు కెమెరా యైనచో మరల ఛార్జి చేసికొను సెల్లులనే కొనుట లాభము. కిరాణా దుకాణములో గడియారమునకు అమ్ము చవుక సెల్లు వేసినచో ఒకటి రెండు ఫొటోలకే కెమెరా ఆగిపోవును. పిదప, కెమెరాను ఆపి కార్డును దూర్చవలెను. కార్డునకు ఒక మూల కోసియుండును. ఆ మూలనుబట్టి ఒకే విధముగా లోపలికి పోవును గాన బలముగా త్రోయరాదు. పాత కెమెరాలు కొన్ని 2 జీబీకి మించిన కార్డును గుర్తింపజాలవు. కార్డు కొనుటకు పోవునపుడు కెమెరాను వెంట తీసికొనిపోయి అంగడిలోనే వేసి చూచుట మంచిది. పెద్ద కార్డు అక్కరలేదు. 4 జీబీ కార్డులో 12 మెగాపిక్సెల్ ఫొటోలు సుమారు 800 పట్టును.

మూడవది గడియారము. దీనిని అందఱును ఉపేక్షింతురు. కాని దీనివలన వచ్చినంత నష్టము మఱి దేనివలనను రాదని మా యనుభవము. ప్రతి ఫొటోతో పాటు తీసిన తేదీని, వేళను కెమెరా తనంతట తాను లోపల వ్రాసికొనును. బ్యాటరీ తీసి నెలల తరబడి పెట్టెలో పెట్టినచో లోపలి గడియారము ఆగి, మరల మొదటి తేదీకి పోవును. పొరుగు గ్రామమున ఒక సభ్యుడు వడగండ్లకు నేలవ్రాలిన మొక్కజొన్నను ఓపికతో ఇరువది ఫొటోలు తీసెను. తీసినంతవఱకు చక్కగా తీసెను. కాని ప్రతి ఫొటోయందును 2008 జనవరి 1 అని పడెను. చూడవచ్చిన పరిశీలకుడు ఫొటోలను త్రోసిపుచ్చి, ఇరుగుపొరుగు రైతుల వాఙ్మూలము కావలెననెను. ఆ సభ్యుడు అర్జీ పట్టుకొని మూడు నెలలు తిరిగెను. ఫొటోలు తీసిన తరువాత తేదీని దిద్దబోవుట అంతకంటె చెడ్డది. దిద్దినదానిని ఎవరును నమ్మరు. కావున కెమెరా తెఱచినప్పుడెల్ల మొదట గడియారమును చూచి, చేతి గడియారముతో సరిపోల్చుకొనవలెను. తేదీ నెల ముందో వెనుకో అనునది కూడ చూడవలెను: 5-8 అనగా ఆగస్టు 5వ తేదీయా, మే 8వ తేదీయా?

ఇక పట్టుకొను విధము. ఒంటిచేత పట్టుట వినోదమునకు సరిపోవును గాని పనికి చాలదు. రెండు చేతులతో పట్టి, మోచేతులను ప్రక్కటెముకలకు ఆన్చి, ఊపిరి ఒక క్షణము బిగబట్టి నొక్కవలెను. గట్టుమీది చెట్టునకో, మోటారు కొట్టము గోడకో భుజము ఆన్చినచో ఇంకను మంచిది. నొక్కుడు మీటకు రెండు మెట్లున్నవని చాలమందికి తెలియదు. మొదట సగము నొక్కి నిలుపవలెను. అపుడు కెమెరా దూరమును, వెలుగును అంచనా వేసికొని, తెరపై చతురస్రము నొకదానిని పచ్చగా చూపును. పెక్కు కెమెరాలు కీచుమని చిన్న శబ్దము కూడ చేయును. ఆ తరువాతనే పూర్తిగా నొక్కవలెను. చతురస్రము ఎఱ్ఱగా నున్నను, మిణుకుమిణుకుమనుచున్నను కెమెరాకు వస్తువు కుదురుగా కనబడలేదని యర్థము. కొంచెము వెనుకకు జరిగి మరల సగము నొక్కవలెను. ఒక్కసారిగా గుద్దినట్లు నొక్కువాని ఫొటో నూటికి తొంబదిపాళ్ళు మసకయే. మరియు ఆ చతురస్రము దేనిమీద నున్నదో చూడవలెను; అది వెనుకనున్న వేపచెట్టుమీద నున్నచో వేపచెట్టే తేటగా వచ్చును.

తీసిన పిదప చిన్న తెరపై బొమ్మ యెల్లప్పుడును అందముగానే కనుపించును. దానిని నమ్మరాదు. పెద్దది చేయు మీట నొక్కి, మచ్చ యంచు, పురుగు తల తేటగా నున్నవో లేవో చేనిలో నుండగానే చూచుకొనవలెను. ఇంటికి పోయి చూచుకొన్న తరువాత చేయునది యేమియు నుండదు.

వెలుగు విషయమున ఉదయము తొమ్మిదింటి లోపున, సాయంకాలము నాలుగింటి తరువాత తీసినవి మేలు. నడిమధ్యాహ్నపు టెండలో ఆకు నిగనిగలాడి తెల్లనై, మచ్చ యడుగంటును. తప్పనిసరి యైనచో గొడుగు పట్టి, ఆ నీడలో తీయవలెను. సూర్యుడు వీపువైపు నుండవలెను; అయితే తీయువాని నీడ ఆకుమీద పడరాదు. ఆకును ఆకాశమునకు ఎదురుగా పట్టి తీసినచో ఆకు నల్లనై పోవును. మెఱుపు గుర్తు గల మీట ఫ్లాష్ దీపమునది. దగ్గరగా తీయునపుడు దానిని ఆర్పివేయవలెను. రంగు ముఖ్యమైనపుడు ఆకు ప్రక్కన తెల్లకాగితపు ముక్క నొకటి ఉంచి తీసినచో, చూచువాడు ఆ తెలుపును ఆధారముగా గైకొని పసుపు ఎంత, పచ్చ ఎంత యని నిర్ణయించుకొనగలడు.

ఇపుడు రైతునకు అన్నిటికంటె ఎక్కువ అక్కఱకు వచ్చు సంగతి: దగ్గరనుండి తీయుట. కెమెరాపై పూవు గుర్తు గల మీట యొకటి యుండును. దానిని నొక్కినగాని కెమెరా జానెడు దూరమునకు లోపల చూడజాలదు. పూవు గుర్తు పెట్టినపుడు కటకమును ముందుకు సాగింపక పూర్తిగా వెనుకకు లాగియుంచి, చేతితోనే దగ్గరకు పోవలెను. కటకము సాగదీసినచో దగ్గర చూపు తగ్గును. ఇందు మనవారు పొరబడుచుందురు. దగ్గరగా కావలెనని కటకము సాగదీసి, మసక రాగా కెమెరాను తిట్టుదురు. డిజిటల్ జూమ్ అనునది వేఱొకటి కలదు. అది బొమ్మలో కొంత ముక్క కోసి పెద్దది చేయుటయే గాని క్రొత్తగా చూపునదేమియు లేదు. దానిని శాశ్వతముగా ఆపి పెట్టవలెను.

ఏమి తీయవలెననునది పురుగునుబట్టియు తెగులునుబట్టియు మాఱును. మొక్కజొన్నయందలి కత్తెర పురుగు మన దేశమున మొదట 2018లో కర్ణాటకలో కనబడి, పిదప మన ప్రాంతములకు వ్యాపించినది. దానిని తక్కిన లద్దె పురుగులనుండి వేఱుచేయు గుర్తులు రెండు: తలపై తలక్రిందులైన వై అను ఇంగ్లీషు అక్షరము వంటి తెల్లని గీత, తోకకు సమీపమున చదరముగా నాలుగు నల్లని చుక్కలు. కావున పురుగును తెల్లకాగితముపై పెట్టి, పైనుండి తలను ఒకటి, తోకను ఒకటి తీసి పంపవలెను. ప్రక్కనుండి తీసిన పురుగు ఫొటో ఎంత అందముగా నున్నను ఏ పురుగో చెప్పుట కష్టము. వరిలో సుడిదోమ పైకి కనబడదు. చేను వలయములుగా ఎండిన తరువాత గట్టుమీద నిలిచి తీసిన ఫొటో దోమ చేసిన పనిని చూపును గాని దోమను చూపదు. దుబ్బులను రెండువైపులకు చీల్చి, వంగి, నీటిమట్టమునకు కొంచెము పైన మొదళ్ళను తీయవలెను. మిరపలో 2021లో విపరీతముగా విజృంభించిన నల్ల తామర పురుగు మిల్లీమీటరు పరిమాణము గలది, పూవులో దాగియుండును. పూవును తెల్లకాగితముపై తట్టి, రాలిన పురుగులను కాగితముతో సహా తీసినచో కనబడును. ప్రత్తిలో గులాబిరంగు పురుగునకు విచ్చుకొనని గుడ్డిపూవును, కోసిన కాయ లోపలిభాగమును, రెంటిని తీయవలెను.

ఆకుమచ్చ యైనచో ఆకు పైభాగమును, అడుగుభాగమును తీయవలెను. పోషక లోపమని తోచినచో మొక్క అంతయు ఒకటి, క్రింది ముదురాకు ఒకటి, పై లేతాకు ఒకటి తీయవలెను. నత్రజని లోపము ముందుగా క్రిందియాకులలోను, ఇనుము లోపము ముందుగా పైయాకులలోను కనబడును గాన, ఏ యాకు ఎక్కడిదో తెలియని ఫొటో పంపి సలహా యడిగినచో ఎంతటి శాస్త్రజ్ఞుడైనను తలగోకుకొనును. గాలికి ఆకు ఊగుచున్నచో తోడివానిని కాడ పట్టుకొమ్మనవలెను. పరిమాణము తెలియుటకు రూపాయి బిళ్ళనో, పిల్లల బడి స్కేలునో ప్రక్కన పెట్టవలెను.

పంటనష్టము చూపు ఫొటోలు మఱియొక తీరువి. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము 2016లో ప్రారంభమైనది. వడగండ్ల వంటి స్థానిక విపత్తు కలిగినపుడు 72 గంటలలోపల తెలుపవలెనని ఆ పథకపు నియమము. ప్రతి రాష్ట్రమునందును, ప్రతి పంటకును అది వర్తించునని తలపరాదు. తమ పంట తమ గ్రామమునకు ప్రకటింపబడినదో లేదో విత్తినపుడే కనుగొనవలెను. ఫొటో తీసితిమిగదా యని తెలుపుట మానరాదు. తెలిపితిమిగదా యని ఫొటో తీయుట మానరాదు. నీరు తీసివేసిన తరువాత, పడిన పైరును ఎత్తి కట్టిన తరువాత జాడ చెడును గనుక మొదట తీయవలసినది ఫొటోయే.

మొట్టమొదట బడి పలకపై సర్వే నెంబరు, పంట పేరు, తేదీ పెద్ద అక్షరములతో వ్రాసి, ఆ పలకను చేని ముందర పెట్టి ఒకటి తీయవలెను. పిమ్మట చేని నాలుగు మూలలనుండి దూరపు ఫొటోలు. వీటిలో కరెంటు స్తంభమో, చింతచెట్టో, సర్వే రాయియో, గుడి గోపురమో, చర్చి శిఖరమో, కదలని గుర్తు ఏదో యొకటి పడవలెను. లేకున్న ఆ చేను ఎవరిదైనను కావచ్చును. తరువాత పదియడుగులు చేనిలోనికి పోయి వరుసలను చూపునవి. ఆ పిదప ఒక్కొక్క మొక్కను దగ్గరగా. మిక్కిలి చెడిన మూలను మాత్రమే తీసి పంపుట మన రైతులలో కొందఱు తెలివి యనుకొందురు. పరిశీలకుడు వచ్చి తక్కిన చేను పచ్చగా నుండుట చూచినచో నిజమైన నష్టమును కూడ శంకించును. బాగున్న భాగమును కూడ తీయవలెను; నష్టమెంతో దానితో పోల్చిననే తెలియును.

ఇంకొక మాట. కెమెరా కనబడగానే మనవారు కండువా సర్దుకొని చేనికి అడ్డముగా నిలుచుందురు. మనిషి ఫొటోలో ఉండుట ఒక పనికి వచ్చును, పైరు ఎత్తు చెప్పుటకు. అపుడైనను ప్రక్కకు జరిగి నిలువవలెను. కుటుంబపు ఫొటో వేఱుగా తీసికొనవచ్చును, కార్డులో చోటు చాలనే యుండును.

తీసినవాటిని కార్డులోనే విడిచిపెట్టుట అపాయము. ఆ వారములోనే కంప్యూటరులోనికి ఒక ప్రతి, వేఱొక కార్డులోనికో పెన్ డ్రైవులోనికో ఇంకొక ప్రతి తీసి యుంచవలెను. ఎఱ్ఱదీపము వెలుగుచుండగా కార్డు లాగరాదు. ఫార్మాట్ అను మాట తెరపై కనబడినపుడు ఆగి ఆలోచింపవలెను. సరే యన్నచో అన్నియు చెఱిగిపోవును. కార్డు ప్రక్కన చిన్న జారుడు మీట యుండును. దానిని లాక్ వైపునకు జరిపినచో క్రొత్తవి వ్రాయుటకును, ఉన్నవి చెఱుపుటకును వీలుండదు. ముఖ్యమైన సాక్ష్యమున్న కార్డును అట్లు బిగించి, కాగితపు సంచిలో పెట్టి, తేదీ వ్రాసి దాచుట మంచిది.

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపినచో అది చిన్నదై, లోపలి తేదీని కోల్పోవును. డాక్యుమెంటు అను మార్గమున పంపినచో ఉన్నదున్నట్లు చేరును. పంపినదానిని కాక అసలును భద్రపఱచవలెను. రంగులు పెంచుట, అంచులు కోయుట ప్రతిమీద చేసికొనవచ్చును గాని అసలుమీద చేయరాదు. న్యాయస్థానమునకు పోవలసివచ్చినచో ఈ సంగతి ముఖ్యము. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము, 2023లోని 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రతులను సాక్ష్యముగా పెట్టునపుడు ధ్రువపత్రము కావలెనని చెప్పుచున్నది. అంతకుముందు 1872నాటి సాక్ష్యచట్టములోని 65-బి సెక్షను ఇట్టిదే. ఆ పత్రము సంగతి వకీలు చూచుకొనును. అసలు కార్డును చెడకుండ దాచుట రైతు పని.

యంత్రమును కాపాడుట కొన్ని మాటలలో ముగింతుము. కటకమును కండువా చెఱగుతో తుడువరాదు. చెఱగులో ఇసుక యుండును, అది గాజును గీయును. ఊది, కడిగి ఆరవేసిన మెత్తని నూలుగుడ్డతో తుడువవలెను. మందు కొట్టిన చేతులతోను, యూరియా చల్లిన చేతులతోను ముట్టరాదు. వర్షములో మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో కొనిపోయి, గొడుగు క్రింద తీసి మరల లోపల పెట్టవలెను. నెలకు మించి వాడనిచో బ్యాటరీ తీసి వేఱుగా నుంచవలెను. అట్లు చేసినపుడు గడియారము సంగతి మఱువరాదు.

నష్టము వచ్చిననాడు నేర్చుకొందమనుకొన్నచో చేయి వణకును. ఈ నెలలోనే తీరిక దినమొకటి చూచుకొని, పెరటిలోని బెండ మొక్క నొకదానిని దూరమునుండి ఒకటి, మొక్క అంతయు ఒకటి, ఆకు పైభాగము, అడుగుభాగము, పూవు, చేతికి చిక్కిన పురుగేదైన నున్న దానిని కాగితముపై పెట్టి ఒకటి, ఇట్లు ఆఱు ఫొటోలు తీసి చూడుడు. కెమెరాను తిరిగి ఇచ్చునపుడు కార్డును కూడ తెండు. ఏది తేటగా వచ్చినది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అనునది కార్యాలయమునందలి కంప్యూటరు తెరపై పెద్దది చేసి చూపుదుము.